స్త్రీల ధూమపాన విరమణకు వ్యాయామం: పరిశోధనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

పొగ మానదలచిన స్త్రీలకు వ్యాయామం తోడ్పడుతుందా అన్న ప్రశ్నపై గడచిన మూడు దశాబ్దాలుగా పాశ్చాత్య దేశాలలో పరిశోధనలు జరుగుతున్నాయి. 1999లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్ష ఫలితాలు ఈ రంగంలో గొప్ప ఆశను రేపాయి. తరువాతి పరీక్షలు ఆ ఆశను చాలామేరకు తగ్గించాయి. ఈ పరిశోధనలు ఏమి నిరూపించాయి, ఏమి నిరూపించలేకపోయాయి, ఎటువంటి స్త్రీని దృష్టిలో పెట్టుకొని సాగాయి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉత్తరాంధ్ర స్త్రీల అడ్డపొగ అలవాటును ఎదురుగా ఉంచి, ఈ పరిశోధనల వెనుక ఉన్న ఊహలను చర్చిస్తుంది.

కీలకపదాలు: ధూమపాన విరమణ, వ్యాయామం, స్త్రీల ఆరోగ్యం, నికోటిన్, బరువు భయం, అడ్డపొగ, శ్రమ, తీరిక.

1. ఉపోద్ఘాతం

పొగతాగడం మానడం ఎందుకు కష్టమో వైద్యశాస్త్రం చాలావరకు వివరించింది. పొగతో పాటు లోపలికి పోయిన నికోటిన్ కొన్ని క్షణాలలోనే మెదడును చేరుతుంది. రక్తంలో దాని పరిమాణం దాదాపు రెండు గంటలలో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, ఆందోళన, ఏకాగ్రత లోపం, ఆకలి మొదలవుతాయి. మళ్లీ ఒకటి వెలిగిస్తే అవి అణగుతాయి. ఈ చక్రం నుంచి బయటపడటానికి మందులున్నాయి, సలహా పద్ధతులున్నాయి. వాటి సరసన వ్యాయామాన్ని కూడా నిలబెట్టవచ్చునా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న స్త్రీల విషయంలో ప్రత్యేకంగా తలెత్తడానికి కారణాలున్నాయి. నికోటిన్ స్త్రీల శరీరంలో పురుషుల కంటే వేగంగా విచ్ఛిన్నమవుతుంది. ఈస్ట్రోజన్ ప్రభావం వల్ల, ముఖ్యంగా గర్భిణులలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో, ఆ వేగం మరింత పెరుగుతుంది. నికోటిన్ పట్టీలు స్త్రీలకు పురుషులకు ఉపకరించినంతగా ఉపకరించడం లేదని కొన్ని విశ్లేషణలు సూచించాయి. వీటికి తోడు, పొగ మానితే లావెక్కుతామన్న భయం స్త్రీలలో ఎక్కువ. మందు అంతగా పనిచేయనిచోట, బరువు భయం అడ్డుపడేచోట, వ్యాయామం రెండు పనులూ చేసిపెడుతుందని పరిశోధకులు ఆశించారు. ఆ ఆశ సహేతుకమైనదే. ఫలితాలు దానిని ఎంతవరకు నిలబెట్టాయన్నది పరిశీలించాలి.

2. సిగరెట్టు, సన్నదనం, స్వేచ్ఛ: చారిత్రక నేపథ్యం

స్త్రీకీ సిగరెట్టుకూ మధ్య శరీరపు బరువును తెచ్చి నిలబెట్టింది వైద్యులు కారు, వ్యాపారులు. 1920ల చివరలో అమెరికాలో లక్కీ స్ట్రైక్ సిగరెట్టు ప్రకటనలు, మిఠాయి మీదికి చేయి పోబోతే దాని బదులు సిగరెట్టు అందుకోమని స్త్రీలకు నేరుగా ఉపదేశించాయి. 1929 ఈస్టర్ పండుగనాడు న్యూయార్కు వీధుల్లో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు. చూసేవారికి అది స్త్రీ స్వేచ్ఛా ప్రదర్శన. దాని వెనుక ఉన్నది అదే సిగరెట్టు కంపెనీ కోసం పనిచేస్తున్న ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ పథకం. ఆ సిగరెట్లకు ‘స్వాతంత్ర్యపు కాగడాలు’ అన్న పేరు తగిలించారు.

1968లో ఫిలిప్ మోరిస్ కంపెనీ స్త్రీల కోసమే వర్జీనియా స్లిమ్స్ అనే సిగరెట్టును విడుదల చేసింది. సన్నదనం దాని పేరులోనే ఉంది. 1970లో హ్యూస్టన్ నగరంలో బిల్లీ జీన్ కింగ్ తదితర తొమ్మిది మంది క్రీడాకారిణులు, పురుషులతో పోలిస్తే తమకిచ్చే బహుమతి సొమ్ము అతి స్వల్పమని తిరగబడి వేరు పోటీ పెట్టుకున్నప్పుడు, ఆ పోటీకి ఆర్థికంగా అండగా నిలిచింది ఈ సిగరెట్టే. ఆ తరువాత చాలా ఏళ్లపాటు స్త్రీల టెన్నిస్ ఆ పేరుతోనే సాగింది. క్రీడాకారిణుల పోరాటం న్యాయమైనది, వారు సాధించిన ఫలితం చిరకాలం నిలిచింది. అయితే ఆరోగ్యవంతమైన, చురుకైన, స్వతంత్రమైన స్త్రీ దేహం అన్న భావనను ఆ రోజుల్లోనే సిగరెట్టు కంపెనీ తన సొంతం చేసుకుందన్నది కూడా నిజమే.

ఈ చరిత్ర ఇక్కడ అవసరం. పొగ మాన్పించడానికి వ్యాయామాన్ని ముందుకు తెచ్చినవారు, కంపెనీలు ఒకప్పుడు వాడుకున్న చురుకైన స్త్రీ రూపాన్నే ఎదురు పక్షాన నిలబెట్టారు. అది మంచి ఎత్తుగడే. అయితే ఆ రూపంతో పాటు సన్నదనం పట్ల మోజు కూడా వైద్యం లోపలికి వచ్చిందా అన్న అనుమానానికి ఈ పరిశోధనలలో తావుంది. దీనిని అయిదో భాగంలో చర్చించడం జరుగుతుంది.

3. 1999 నాటి పరీక్ష: బలం, పరిమితి

ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే పరిశోధన బెస్ మార్కస్, ఆమె సహచరులు చేసినది. ఇది 1999లో ‘ఆర్కైవ్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో వెలువడింది. పొగతాగే అలవాటున్న, ఆరోగ్యంగా ఉన్న, వ్యాయామం చేయని 281 మంది స్త్రీలను యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించారు. రెండు జట్లకూ పొగ మాన్పించే ఆలోచనా-ప్రవర్తనా చికిత్స పన్నెండు సమావేశాలలో ఒకే తీరుగా అందింది. మొదటి జట్టులోని 134 మంది దానితో పాటు వారానికి మూడుసార్లు పర్యవేక్షణలో తీవ్రమైన వ్యాయామం చేశారు. రెండో జట్టులోని 147 మందికి అంతే సమయం ఆరోగ్య విషయాలపై ప్రసంగాలు, చర్చలు ఏర్పాటుచేశారు.

పరీక్ష బలమంతా ఈ రెండో ఏర్పాటులో ఉంది. వ్యాయామం చేసినవారికి ఫలితం కనిపించినప్పుడు, అది నలుగురితో కలిసి కూర్చున్నందువల్ల వచ్చిందా, పరిశోధకులు శ్రద్ధ చూపినందువల్ల వచ్చిందా అన్న సందేహం కలుగుతుంది. రెండు జట్లకూ సమానమైన సమయం కేటాయించడం వల్ల ఆ సందేహం చాలావరకు తీరింది. పొగ మానామని చెప్పినవారి మాటను కూడా అలాగే నమ్మక, శరీరంలోని రసాయనిక గుర్తుల ద్వారా నిర్ధారించుకున్నారు.

చికిత్స ముగిసేనాటికి వ్యాయామ జట్టులో 19.4 శాతం, రెండో జట్టులో 10.2 శాతం మంది మానేసిన నాటి నుంచి ఒక్కసారి కూడా పొగతాగకుండా ఉన్నారు. మరో మూడు నెలలకు ఆ సంఖ్యలు 16.4, 8.2 శాతాలు. ఏడాది తరువాత 11.9, 5.4 శాతాలు. వ్యాయామం చేసినవారు చికిత్స చివరకు సగటున 3.05 కిలోలు పెరగగా, చేయనివారు 5.40 కిలోలు పెరిగారు.

‘వ్యాయామంతో రెట్టింపు ఫలితం’ అన్న ప్రచారానికి ఆధారం ఈ అంకెలే. రెట్టింపన్న మాట అబద్ధం కాదు. కానీ శాతాలను మనుషుల సంఖ్యలోకి మార్చి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఏడాది తరువాత పొగకు దూరంగా నిలిచినవారు మొదటి జట్టులో 16 మంది, రెండో జట్టులో 8 మంది. 134 మందిలో 118 మంది అప్పటికి తొణికారు. రెండు జట్ల మధ్య తేడా గణాంకశాస్త్రం అంగీకరించే హద్దు అంచునే ఉంది. చిన్న సంఖ్యలపై ఆధారపడిన ఇటువంటి ఫలితం మరొకచోట, మరొక బృందంలో నిలిస్తేనే స్థిరమైన జ్ఞానమవుతుంది.

దీనికి మరొక పరిమితి ఉంది. పరీక్షలో చేరడానికి అర్హత వ్యాయామం చేయకపోవడం. అంటే ఒంటికి కదలిక తక్కువై, వారానికి మూడుసార్లు వ్యాయామశాలకు వచ్చే వీలున్న స్త్రీ ఈ పరిశోధనకు నమూనా. ఇది పరిశోధకుల లోపం కాదు. ప్రతి పరీక్షకూ ఒక నమూనా ఉండక తప్పదు. ఆ నమూనాను మరచి ‘స్త్రీలు’ అని సాధారణీకరించినప్పుడే చిక్కు వస్తుంది.

4. తరువాతి పరీక్షలు: తగ్గిన ఆశ

తీవ్రమైన వ్యాయామం అందరికీ సాధ్యం కాదు. అందువల్ల అదే బృందం మధ్యస్థాయి వ్యాయామంతో 217 మంది స్త్రీలపై మరొక పరీక్ష జరిపి 2005లో ఫలితాలు ప్రకటించింది. చికిత్స ముగిసేనాటికి రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు: వ్యాయామ జట్టులో 20.2 శాతం, రెండో జట్టులో 18.5 శాతం. మూడు నెలలకు వ్యాయామ జట్టు మెరుగనిపించింది. ఏడాదికి ఆ తేడా మాసిపోయింది. వ్యాయామ జట్టులో ఎక్కువగా వ్యాయామం చేసినవారు చికిత్స చివరకు ఎక్కువగా మానగలిగారని కూడా తేలింది.

ఈ చివరి విషయాన్ని జాగ్రత్తగా చదవాలి. ఎక్కువ వ్యాయామం చేసినందువల్ల మానగలిగారా, మానగలిగిన పట్టుదల, అనుకూలత ఉన్నవారే ఎక్కువ వ్యాయామం చేయగలిగారా? యాదృచ్ఛిక విభజన జరిగింది జట్ల మధ్యనే. ఒక జట్టు లోపల ఎవరెంత చేశారన్నది వారి వారి పరిస్థితిని బట్టి ఉంటుంది. పొగ తాగిన రోజున మనసు చెడి వ్యాయామానికి రాకపోవడం కూడా జరుగుతుంది. కాబట్టి దీనిని కారణంగా కాక సంబంధంగా మాత్రమే గ్రహించాలి. వ్యాసాలలో, ఆరోగ్య శీర్షికలలో ఈ భేదం తరచు చెరిగిపోతుంది.

గర్భిణుల విషయంలో పరీక్ష మరింత కీలకం. కడుపులోని బిడ్డ కారణంగా మందుల వాడకంలో వెనుకంజ ఉంటుంది కనుక, మందు లేని మార్గానికి అక్కడ విలువ ఎక్కువ. ఇంగ్లండులోని 13 ఆసుపత్రులలో మైకేల్ అషర్ బృందం పొగతాగే గర్భిణులపై జరిపిన పరీక్ష 2015లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడింది. మామూలు సలహాలతో పాటు ఎనిమిది వారాలలో 14 పర్యాయాలు ట్రెడ్‌మిల్ నడక, సంప్రదింపులు ఒక జట్టుకు అందాయి. విశ్లేషణలో చేరిన 785 మందిలో, ప్రసవకాలం నాటికి పొగ మానినవారు వ్యాయామ జట్టులో 8 శాతం, రెండో జట్టులో 6 శాతం. ఆ తేడాను వ్యాయామ ఫలమని చెప్పడానికి వీలులేకపోయింది.

స్త్రీ పురుషులిద్దరిపై జరిగిన పరీక్షలన్నిటినీ సమీకరించిన కోక్రేన్ సమీక్ష 2019లో నవీకృతమైంది. అందులో 24 పరీక్షలు, 7,279 మంది ఉన్నారు. మామూలు విరమణ చికిత్సకు వ్యాయామం జోడిస్తే దీర్ఘకాలంలో మానేవారి సంఖ్య పెరుగుతుందనడానికి ఆధారం లేదని, ఉన్న సాక్ష్యాల విశ్వసనీయత తక్కువని ఆ సమీక్ష తేల్చింది. ఇది ‘వ్యాయామం నిష్ఫలం’ అన్న తీర్పు కాదు. కొద్దిపాటి మేలు ఉండే అవకాశాన్ని ఆ అంకెలు తోసిపుచ్చలేదు. ‘వ్యాయామం చేస్తే పొగ మానుతారు’ అన్న ధీమాకు మాత్రం అవి ఆస్కారమివ్వవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన విరమణ చికిత్సా మార్గదర్శకాలలో సలహాలతో పాటు వారెనిక్లిన్, నికోటిన్ ప్రత్యామ్నాయాలు, బుప్రోపియాన్, సైటిసిన్ వంటి మందులు సిఫారసు పొందాయి. ఈ మందుల స్థానంలో వ్యాయామాన్ని సూచించడం రోగికి న్యాయం కాదు.

5. బరువు భయం: జవాబా, ప్రశ్నా?

పొగ మానితే బరువు పెరగడం కల్పన కాదు. నికోటిన్ ఆకలిని అణచి, శరీరం ఖర్చుచేసే శక్తిని పెంచుతుంది. అది ఆగగానే రెండూ తలకిందులవుతాయి. మందులేమీ వాడకుండా మానినవారు ఏడాదిలో సగటున 4.67 కిలోలు పెరిగారని ఓబిన్ బృందం 2012లో లెక్కగట్టింది. అయితే సగటు వెనుక ఎంతో వైవిధ్యముంది. 16 శాతం మంది బరువు తగ్గారు, 13 శాతం మంది పది కిలోలకు మించి పెరిగారు. వ్యాయామం చేసినవారిలో ఏడాది చివరకు ఈ పెరుగుదల సుమారు రెండు కిలోలు తక్కువని 2012 నాటి మరొక కోక్రేన్ సమీక్ష పేర్కొంది. కనుక బరువు విషయంలో వ్యాయామానికి కొంత ప్రయోజనముంది.

అయినా, బరువును అదుపుచేస్తే స్త్రీలు పొగ మానతారన్న ఊహ ఎంతవరకు సరైనది? ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన పరిశోధన కెనెత్ పెర్కిన్స్ బృందానిది. ఇది వ్యాయామానికి సంబంధించినది కాకపోయినా వ్యాయామ వాదానికి పునాది అయిన ఊహను పరీక్షించింది. 2001లో ప్రకటితమైన ఆ పరీక్షలో, బరువు పెరుగుతామని భయపడే 219 మంది స్త్రీలకు మూడు రకాల సలహాలలో ఒకటి అందింది. మొదటి జట్టుకు మామూలు విరమణ సలహా, రెండో జట్టుకు దానితో పాటు బరువు పెరగకుండా ఆహార నియంత్రణ, మూడో జట్టుకు దానితో పాటు బరువు గురించిన ఆందోళనను తగ్గించే ఆలోచనా-ప్రవర్తనా చికిత్స. ఏడాది తరువాత పొగకు దూరంగా నిలిచినవారు వరుసగా 9, 13, 21 శాతం. కొద్దిపాటి బరువు పెరిగినా ఫరవాలేదని మనసును సమాధానపరచుకున్నవారే ఎక్కువగా నెగ్గారు.

ఈ ఫలితం ఆలోచింపజేస్తుంది. వ్యాయామాన్ని ‘లావెక్కకుండా కాపాడే కవచం’గా స్త్రీ ముందుకు తెస్తే, లావెక్కడం భయంకరమన్న మాటను వైద్యుడే బలపరచినట్లవుతుంది. 1920లలో సిగరెట్టు అమ్మిన వాదమూ అదే. వ్యాయామం మానిననాడు, బరువు ముల్లు కదిలిననాడు, ఆ స్త్రీకి పొగ వైపు తిరిగి వెళ్లడానికి కారణం సిద్ధంగా ఉంటుంది. పొగ వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు కలిగే హాని ముందు నాలుగైదు కిలోల పెరుగుదల స్వల్పమైనదన్న సత్యాన్ని ముందుగా చెప్పి, ఆ తరువాత వ్యాయామాన్ని శరీర దారుఢ్యానికి, మనశ్శాంతికి సాధనంగా సూచించడం ఉచితం. ఒకే వ్యాయామం, చెప్పే తీరును బట్టి భయానికి ఊతమూ కాగలదు, ధైర్యానికి ఊతమూ కాగలదు.

6. తక్షణ ఫలితం: ఉన్నది ఉన్నట్లు

దీర్ఘకాలిక ఫలితాలు నిరాశ కలిగించినా, వ్యాయామానికి ఒక స్పష్టమైన ప్రయోజనం నిలిచి ఉంది. టేలర్, అషర్, ఫాక్నర్ 2007లో చేసిన సమీక్షలో, వ్యాయామాన్ని ఊరక కూర్చోవడంతో పోల్చిన 12 పరిశోధనలున్నాయి. ఆ పన్నెండింటిలోనూ వ్యాయామం చేస్తుండగా, చేసిన తరువాత దాదాపు 50 నిమిషాల వరకు, పొగతాగాలన్న కోరిక, విరమణ బాధలు తగ్గాయి. అందుకు గంటల తరబడి శ్రమ అక్కరలేదు. అయిదు నిమిషాల నడక సైతం కొంత పనిచేసింది.

ఒక కోరిక దాటడానికి పనికివచ్చే సాధనం, ఏడాదిపాటు మానడానికి ఎందుకు చాలడం లేదు? ఈ రెండు ఫలితాల మధ్య వైరుధ్యం లేదు. కోరిక రోజుకు పలుమార్లు వస్తుంది. భోజనం తరువాత, గొడవ తరువాత, పని ఒత్తిడిలో, ఒంటరితనంలో వస్తుంది. ప్రతిసారీ లేచి నడవడానికి వీలుండాలి, చోటుండాలి, ఎందుకు వెళ్తున్నావని అడిగేవారు లేకుండా ఉండాలి. ప్రయోగశాలలో ఈ మూడూ సమకూర్చి పెడతారు. ఇంట్లో ఎవరూ సమకూర్చరు. 1999 పరీక్షలో స్త్రీలకు అందినది కదలిక మాత్రమే కాదు. వారానికి మూడుసార్లు తనకంటూ కేటాయించిన సమయం, అందుకు తగిన చోటు, పర్యవేక్షించే మనిషి కూడా అందాయి. సమావేశాల సమయాన్ని రెండు జట్లకూ సమానం చేసినందువల్ల వ్యాయామానికి స్వతంత్ర ఫలితముందని ఆ పరీక్ష చూపగలిగింది. అయితే ఆ వ్యాయామం సాధ్యం కావడానికే తీరిక అవసరమన్న విషయాన్ని కొలవలేదు. చికిత్స ముగిశాక ఏడాదిలో సంఖ్యలు పడిపోవడాన్ని ఈ వెలుగులో కూడా చూడవలసి ఉంది.

7. అడ్డపొగ: శ్రమలో ఇమిడిన అలవాటు

ఈ పరిశోధనలను తెలుగునేలకు అన్వయించేటప్పుడు మొదట ఒక వాస్తవాన్ని గుర్తించాలి. 2016-17 జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో పురుషులలో 19.0 శాతం, స్త్రీలలో 2.0 శాతం మంది పొగతాగుతారు. నమలడం, పళ్లకు రాసుకోవడం వంటి పొగలేని పొగాకు వాడే స్త్రీలు 12.8 శాతం. దేశవ్యాప్తంగా చూస్తే పొగతాగే స్త్రీలు కొద్దిమంది. కానీ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో కథ వేరు. అక్కడ స్త్రీలు చుట్ట నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని తాగుతారు. దీనినే అడ్డపొగ అంటారు.

తెలుగు సాహిత్యం పొగాకును ఎక్కువగా పురుష వినోదంగానే చిత్రించింది. ‘కన్యాశుల్కం’లో పొగ తాగడాన్ని పొగిడేది గిరీశం. అదే విజయనగర ప్రాంతపు పల్లెలలో స్త్రీ నోటిలోని చుట్ట హాస్యానికి కాక వైద్యగ్రంథాలకే విషయమైంది. తీరాంధ్రలో అంగిలి క్యాన్సరుకు, నిప్పు లోపల పెట్టి చుట్ట తాగడానికి ఉన్న సంబంధాన్ని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో చర్చించారు. పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, అంగిట కనిపించే మార్పులపై 1971లో నివేదిక ప్రకటించారు.

ఈ అలవాటుకు చెప్పుకునే కారణాలు గమనించదగినవి. నిప్పు లోపల ఉంటే గాలికి ఆరిపోదు, నీటి దగ్గర పనిచేసినా తడవదు, చంకలోని బిడ్డ మీద బూడిద రాలదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. అంటే అడ్డపొగ పని మధ్య విరామం కాదు, పని సాగుతుండగానే తీర్చుకునే అవసరం. అమెరికా పరీక్షలోని స్త్రీ పొగతాగుతూ కదలిక లేకుండా ఉంది. ఇక్కడి స్త్రీ పొగతాగుతూ పొద్దస్తమానం కదులుతూనే ఉంది. నాట్లు వేసే, నీళ్లు మోసే, కట్టెలు తెచ్చే స్త్రీకి వ్యాయామం చేయమని చెప్పడం ఆమె రోజును ఎరగని మాట అవుతుంది.

ఒళ్లు అలసేలా పనిచేయడమే వ్యాయామమైతే, ఇంత శ్రమ చేసే స్త్రీలలో ఈ అలవాటు తరతరాలు నిలిచేది కాదు కదా అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు శ్రమకూ వ్యాయామానికీ ఉన్న భేదంలో వెతకాలి. వ్యాయామం తన ఇష్టంతో, తన కోసం, తాను ఎంచుకున్నంతసేపు చేసేది. శ్రమ ఇతరుల కోసం, ఆపే వీలులేకుండా చేసేది. తీరికవేళ కదలికకు ఉన్న ఆరోగ్య ఫలితాలు వృత్తిలోని శారీరక శ్రమకు కనిపించకపోవడాన్ని డెన్మార్కులో హోల్టర్‌మన్ తదితరులు చర్చకు పెట్టారు. దాని కారణాలపై వివాదం ఇంకా సాగుతోంది. వ్యాయామాన్ని కేవలం కండరాల కదలికగా లెక్కగట్టడం చాలదని మాత్రం ఆ చర్చ సూచిస్తుంది.

మరి ఇక్కడ పనిచేసినదేమిటి? టాటా మౌలిక పరిశోధన సంస్థ పరిశోధకులు ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడకందారుల నోళ్లు పరీక్షించి, మానమని నచ్చజెప్పి, ఏటా మళ్లీ కలుసుకున్నారు. అయిదేళ్ల ఆ కృషి ఫలితాలు 1986లో ‘లాన్సెట్’లో వెలువడ్డాయి. నచ్చజెప్పడం వల్ల మానేవారు, తగ్గించేవారు పెరిగారని, నోటిలో క్యాన్సరుకు ముందు కనిపించే మచ్చలు కొత్తగా రావడం తగ్గిందని తేలింది. పల్లెకు వెళ్లి, నోరు తెరిపించి, చూసినదాన్ని ఆమెకు చెప్పి, మరుసటి ఏడు మళ్లీ వచ్చి పలకరించిన మనిషి అక్కడి చికిత్సలో ముఖ్యభాగం. వ్యాయామశాల అక్కడ లేదు, దాని అవసరమూ కలగలేదు.

8. ముగింపు

స్త్రీల ధూమపాన విరమణకు వ్యాయామం ఎంతవరకు తోడ్పడుతుందన్న ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చిన జవాబు మూడు అంశాలుగా తేలుతుంది. పొగతాగాలన్న కోరిక ముంచుకొచ్చిన వేళ కొద్ది నిమిషాల నడక ఆ కోరికను తగ్గిస్తుంది. ఇది గట్టి ఆధారాలున్న విషయం. మానిన తరువాత పెరిగే బరువును దీర్ఘకాలంలో వ్యాయామం కొంత తగ్గించవచ్చు. ఏడాదిపాటు మానేలా చేయడంలో మాత్రం దాని పాత్ర ఇంకా నిరూపణ కాలేదు. 1999 పరీక్ష చూపిన రెట్టింపు ఫలితం తరువాతి పరీక్షలలో నిలవలేదు.

ఆధునిక నగరాలలో సిగరెట్టు మానదలచిన తెలుగు స్త్రీకి ఈ జ్ఞానం ఉపయోగపడుతుంది. వైద్య సలహాను, మందును, 1800-11-2356 సంఖ్యపై లభించే జాతీయ టెలిఫోన్ సహాయాన్ని ప్రధానంగా పెట్టుకొని, నడకను వాటికి తోడుగా వాడుకోవచ్చు. ఆ నడక సన్నబడటం కోసమని కాక, ఆ పది నిమిషాలు దాటడం కోసమని తెలియాలి. నడక తప్పిన రోజున ఓడిపోయానని అనుకోనక్కరలేదు.

ఉత్తరాంధ్ర పల్లెలో చుట్ట తాగే స్త్రీకి కొరవడినది కదలిక కాదు, విరామం. ఆమె కోసం రూపొందే ఏ కార్యక్రమమైనా పని మధ్య కూర్చునే వేళను, నోటి పరీక్షను, మళ్లీ మళ్లీ వచ్చి పలకరించే ఆరోగ్య కార్యకర్తను సమకూర్చాలి. తీరికలేని స్త్రీలపై, శ్రమజీవులైన స్త్రీలపై, వారి దినచర్య లోపలే ఇమిడే విరమణ పద్ధతులను పరీక్షించే పరిశోధనలు మన విశ్వవిద్యాలయాలలో, వైద్య కళాశాలలలో జరగవలసిన అవసరం ఎంతో ఉంది. పరాయి నేలపై తీరిక ఉన్న స్త్రీలతో జరిగిన పరీక్ష ఇచ్చిన అంకెలు ఆ పరిశోధనలకు ఆరంభమే కాగలవు. వాటి స్థానాన్ని భర్తీ చేయలేవు.